మొండిచెయ్యి

కూర్చుంటే వీపు మీది గొట్టాలు నలుగుతాయి, గోడకు ఆనుకుంటే వాల్వులు ఊడతాయి, కాబట్టి డ్రాయింగ్ టీచర్ ప్రదర్శన జరిగే హాలు వెనక గదిలో, నిలువుటద్దానికి ఎదురుగా, ఇల్లు మారేవాళ్ళు వీధిలో దింపి మరిచిపోయిన బీరువాలా నిలబడి ఉంది. నిలబడక చేసేదేముంది. నడుముకు బ్యాటరీ, వీపున అరచెయ్యంత పంపు, ఛాతీ చుట్టూ ఊపిరితో పాటు సాగే పట్టీ, ఎడమ భుజానికి తోలు జీను, ఆ జీను నుంచి మోకాళ్ళ కిందికి వేలాడుతున్న రబ్బరు వేళ్ళు. వేళ్ళనకూడదు, వేళ్ళంటే మళ్ళీ చెయ్యి అంటారు. తీగలనాలి, తొండాలనాలి, అసలేమీ అనకపోయినా ఫరవాలేదు. వంగపండు రంగువి, లెక్కకు ఏడు, అయిదు కాకూడదని పట్టుబట్టి చేసిన ఏడు. గాలి ఎక్కనంతసేపూ అవి ఉతికి ఆరేసిన మేజోళ్ళే, చూసినవాళ్ళకు జాలి పుడుతుంది. గాలి ఎక్కాక పుట్టేది జాలి కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, పక్కింటి పిల్లికి తెలుసు. ఒకసారి ఇంట్లో పరీక్షిస్తుంటే కిటికీలోంచి దూకి పారిపోయిన ఆ పిల్లి మళ్ళీ వాళ్ళ గుమ్మం తొక్కలేదు. వెనక అమ్మ స్టూలు మీద కూర్చుని జీను పట్టీకి చివరి కుట్లు వేస్తోంది, సూది లోపలికి దిగినప్పుడల్లా భుజం కొద్దిగా వెనక్కి లాగినట్టవుతోంది, కదలకు చిన్నదానా అంటోంది అమ్మ, ఆమె కదలడం లేదు, కదిలేది ఊపిరే, ఊపిరిని కూడా ఆపుకోమంటే ఎలా.

అద్దం కింద బల్ల మీద ప్లాస్టిక్ గ్లాసులో ఒక గులాబీ ఉంది. దాన్ని ఆమె తెచ్చుకోలేదు, అమ్మా తేలేదు. ఇప్పుడే వచ్చి వెళ్ళిన మేనేజరు, ఈ సాయంత్రం ప్రదర్శన నడిపించే మనిషి, దాన్ని అక్కడ పెట్టి వెళ్ళాడు, మందు సీసా పెట్టి వెళ్ళినట్టు.

"చిన్న రిక్వెస్ట్ మేడమ్. చివర్లో ఆ చెయ్యి ఇలా ముందుకొచ్చి ముఖ్య అతిథిగారికి ఒక్క పువ్వు అందిస్తే చాలు. జనం కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి."

"అది చెయ్యి కాదండీ."

"అదే, ఆ మెషీను."

"అది పువ్వులివ్వదు."

"ఇవ్వగలదని మీ బావగారే చెప్పారుగా. గంటలో మళ్ళీ వస్తాను, ఆలోచించుకోండి. మీది అసలే ఆఖరి అంశం. పువ్వు లేదంటే పైవాళ్ళకి నేనేం చెప్పుకోను?"

పైవాళ్ళంటే ఈ హాలుకూ దీపాలకూ ఖర్చు పెట్టుకున్న కంపెనీ, కృత్రిమ అవయవాలు తయారుచేసే కంపెనీ. ముఖ్య అతిథి దాని అధిపతే. ఆలోచించుకోడానికి గంటెందుకు, ఆమె ఆలోచన ఆయన నోరు తెరవకముందే అయిపోయింది. కానీ గంట ఇచ్చారు కాబట్టి గంటసేపు నిలబడాలి. ఒక్క పువ్వే కదా అంటారు, ఎప్పుడూ ఒక్కటే అడుగుతారు, ఒక్క ఫొటో, ఒక్క నవ్వు, ఒక్కసారి ఆ భుజం ఇటు తిప్పండి, ఒక్క మాట మా పిల్లలకు చెప్పండి వాళ్ళు చదువు మీద శ్రద్ధ పెట్టడం లేదు. చెయ్యి పోతే చదువు మీద శ్రద్ధ ఎలా వస్తుందో ఆమెకు ఇప్పటికీ అర్థం కాలేదు. బావకైనా బుద్ధుండాలి. అడిగినవాడికి అడిగినట్టు, ఆ, ఒంగుతుందండీ, చుట్టుకుంటుందండీ, గ్లాసు కూడా ఎత్తుతుందండీ అని ఉన్నదీ లేనిదీ కలిపి చెప్పుకొచ్చాడట. ఆయన తప్పేం లేదులే, చేసిన వస్తువును మెచ్చుకుంటుంటే ఏ పనివాడి నోరు ఊరుకుంటుంది.

అక్క మొగుడు కట్టుడు పళ్ళు చేస్తాడు. ఇంటి వెనక పొడవాటి గది, గోడ నిండా పలకల మీద ఊళ్ళో వాళ్ళ దవడలన్నీ తెల్లగా, ప్లాస్టర్ పిండి అచ్చుల్లో, నవ్వుతూనో ఏడుస్తూనో తెలియకుండా. మొదటిసారి ఆ గదిలోకి వెళ్ళి నాకు ఇలాంటిది చెయ్యాలనుంది బావా అని బొమ్మ గీసి చూపించినప్పుడు ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. నా పని ఎవరికీ కనపడకపోతేనే గొప్ప మరదలా, నవ్వినప్పుడు ఇవి కట్టుడు పళ్ళని తెలిసిందంటే నా బతుకు బస్టాండే, అన్నాడు. నాది చూడగానే తెలిసిపోవాలి బావా, వీధి చివర నుంచే తెలిసిపోవాలి, అంది. ఆయన బొమ్మను అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. గదిలో ఒక మూల గాలి లాగే పంపు గురగురమంటోంది, ఆ గురగుర ఆమెకు అప్పుడే నచ్చింది, నిద్రపోతున్న జంతువు పక్కన నిలబడినట్టుంది. చివరికి ఆయన అడిగింది ఒక్కటే, రంగు ఏం వెయ్యాలి అని. ఒంటి రంగు మాత్రం కాదు అంది. అది నాకూ తెలుసులే తల్లీ, అన్నాడు, తల్లీ అన్నాడంటే పని ఒప్పుకున్నట్టు.

ఆ రబ్బరు రెండు డబ్బాల్లో రెండు పాలుగా వస్తుంది, విడివిడిగా ఉన్నంతకాలం రెండూ సాధువులు, కలిపారో, ఇక మన మాట వినవు, గట్టిపడిపోతాయి. కలిపినదాన్ని గాజు మూత ఉన్న డబ్బాలో పెట్టి లోపలి గాలంతా లాగేస్తే రబ్బరు పాలు పొంగినట్టు అంచుదాకా పొంగుతుంది, పోయింది పోయింది అనుకునేలోపు బుడగలు పగిలి కిందికి కూర్చుంటుంది. ఆ పొంగు చూడటానికి ఆమె బడి అయిపోగానే పరిగెత్తేది. కుడిచేత్తో కలిపేది, మోకాళ్ళ మధ్య డబ్బా ఇరికించుకునేది, గొట్టాన్ని పళ్ళతో పట్టుకునేది, నా దగ్గరకొచ్చి పళ్ళు పాడుచేసుకుంటే మీ అక్క నన్ను తంతుంది అనేవాడు బావ. ఒకసారి వంటింట్లో గిన్నెలు తోమే తొడుగు వేసుకుని కలిపింది. ఆ తొడుగు రబ్బరుకీ ఈ రబ్బరుకీ పడదట, సవతుల పోరు, ఎన్నాళ్ళు ఎదురుచూసినా గట్టిపడలేదు, పాకంలా జిగటగా ఉండిపోయింది, అచ్చులో నుంచి గోకి గోకి తీసేసరికి గోళ్ళన్నీ అదే. కోపం రాలేదు. కోపం వచ్చింది ఆ తరవాత, మొట్టమొదటి తీగ అచ్చులోంచి నున్నగా ఊడివచ్చి, పంపు తగిలిస్తే, కప్పను మింగిన పాములా నడిమధ్యలో ఉబ్బి కూర్చున్నప్పుడు. ఒంగదు, లేవదు, ఉత్త ఉబ్బు. ఎందుకు ఒంగదు బావా? అన్ని వైపులా సాగుతోంది కదా మరదలా, అందుకని. ఒక వైపు సాగాలి, ఒక వైపు సాగనని మొండికెయ్యాలి. అప్పుడే అది ఎటో అటు తిరుగుతుంది. రెండు వైపులా సరేనంటే బుడగే. ఆయన మామూలుగానే చెప్పాడు, ఉప్పు తక్కువైంది అని చెప్పినట్టు చెప్పాడు. ఆమె మాత్రం ఆ రాత్రి అన్నం దగ్గర కూర్చుని నవ్వుకుంది, సరేనంటే బుడగ, సరేనంటే బుడగ, ఏంటే నీలో నువ్వే అంది అమ్మ.

సాగని వైపు అమ్మదే. ఆ పని చెయ్యమని అమ్మను అడగలేదు, అడిగితే చేయకపోయేది. ఒళ్ళో బట్టలు పెట్టుకుని కుడుతూ, ఆమె నేల మీద కాలి బొటనవేలితో గుడ్డను అదిమిపట్టి కత్తిరిస్తుంటే చూసీ చూసీ, ఐమూలగా కత్తిరిస్తే సాగక ఏం చేస్తుందే, నిలువు పోగు మీద కత్తిరించు, అంది. కత్తెర లాక్కుంది. ఆ రోజు నుంచి రబ్బరు తీగల వెనక అంటించే గుడ్డలన్నీ అమ్మ కత్తిరించినవే, అయినా అదేంటని అడగలేదు, ఎప్పుడు వేసుకుంటావని అడగలేదు, దాన్ని పేరుపెట్టి పిలవలేదు, ఆ బండెడు సామాను అనేది. బండెడు సామాను గదిలోంచి తియ్యి, పడుకోవాలి. అమ్మకు కావలసింది వేరే ఉంది, అది బీరువాలో, పాత టవల్లో చుట్టి ఉంది. ఆస్పత్రివాళ్ళిచ్చిన బొమ్మ చెయ్యి. గోధుమరంగని వాళ్ళన్నారు, ఏ గోధుమలకూ ఆ రంగు ఉండదు, ఏ మనిషికీ ఉండదు. వేళ్ళు ఎప్పుడూ కొద్దిగా ముడుచుకుని, గ్లాసు పట్టుకోబోయి మనసు మార్చుకున్నట్టు ఉండేవి. అది ఇంటికొచ్చిన మూడో రోజో నాలుగో రోజో, ఆమె తలస్నానం చేసి వచ్చేసరికి, అమ్మ వరండాలో కూర్చుని, ఒళ్ళో పేపరు పరుచుకుని, దాని మీద ఆ చెయ్యి పెట్టుకుని, దాని గోళ్ళకు ఎర్రరంగు వేస్తోంది. ఒక్కో గోరుకూ వేసి, ఆరాలని నోటితో ఊదుతోంది. నీ కుడిచెయ్యి కూడా ఇలా ఇవ్వు, రెండూ ఒకేలా ఉండాలి, అంది తలెత్తకుండా. అప్పుడు ఇవ్వలేదు. తల నుంచి నీళ్ళు కారుతూ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఇప్పుడు అద్దంలో, వెనక వంగి దారం కొరుకుతున్న అమ్మ నడినెత్తి కనిపిస్తోంది, రంగు వేసుకోవడం ఎప్పుడు మానేసిందో, అంతా తెలుపే. ఇవ్వాల్సిందేమో. ఇవ్వాల్సింది కాదు. రెండూ నిజమే, రెండూ ఒకేసారి నిజమైతే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు.

ఆ ఎర్రగోళ్ళ చెయ్యితోనే బడికి వెళ్ళింది, చెయ్యి లేకుండా వస్తే పిల్లలు జడుసుకుంటారు అంది హెడ్మిస్ట్రెస్. పిల్లలు జడుసుకోలేదు. టీచర్, కోసేసిన చెయ్యిని ఎక్కడ పెట్టారు అని అడిగింది రెండో బెంచీ పిల్ల. ఆస్పత్రివాళ్ళు తీసుకెళ్ళారమ్మా. మళ్ళీ ఇవ్వరా? ఇవ్వరు. మీరు అడగలేదా? అడగలేదు. అడగాల్సింది, నా చెయ్యి నాకివ్వండి అని ఎందుకు అడగలేదు, తెలివి వచ్చేసరికి అంతా అయిపోయి ఉంది, అయినా అడగాల్సింది. ఒక వేసవి మధ్యాహ్నం క్లాసులో, చెమటకు పట్టీ కింద చర్మం మండిపోతుంటే, ఆమె బొమ్మ చెయ్యిని ఊడదీసి బల్ల మీద, ఎప్పుడూ కూజా పెట్టే చోట పెట్టింది. ఇవాళ బొమ్మ ఇది, గియ్యండి, అంది. పిల్లలు పెన్సిళ్ళు చెక్కుకున్నారు. నీడ ఎటు పడుతోందో చూడండి అంది, వేళ్ళ మధ్య సందులు చూడండి అంది, క్లాసులో అంత నిశ్శబ్దం ముందెప్పుడూ లేదు. గోళ్ళరంగు ఎవరేశారు టీచర్? మా అమ్మ. బాగా వేసింది టీచర్, బయటికి రాలేదు. ఆ రోజు నుంచి మళ్ళీ తగిలించుకోలేదు. హెడ్మిస్ట్రెస్ పిలిచి, ఇద్దరు ముగ్గురు పిల్లల తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారంది. నాకూ అభ్యంతరమే మేడమ్, అది లేకపోతేనే నాకు చల్లగా ఉంది, అంది ఆమె. ఉద్యోగం తీసేస్తారనుకుంది. తీసెయ్యలేదు, స్టాఫ్ ఫొటోలో మాత్రం వెనక వరసలో నిలబెట్టారు. ఆమె ముందుకొచ్చి కూర్చుంది.

బస్సులో కిటికీ కింద రాసే ఉంటుంది, చేతులు బయట పెట్టరాదు అని. అక్షరాలు కొంచెం చెరిగాయి కానీ చదవొచ్చు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఎలా జరిగిందని అడిగి, చివరికి అక్కడికే వచ్చేవాళ్ళు, బయట పెట్టావా? పెట్టాను. అయ్యో, ఎందుకు పెట్టావు? వాళ్ళకు ఏడుపు కావాలి, తప్పైపోయింది అనే మాట కావాలి, అది దొరికితే తెచ్చిన అరటిపళ్ళు అక్కడ పెట్టి నెమ్మదిగా ఇంటికి పోతారు. గాలి బాగుంది, అందుకని పెట్టాను, అనేది. అమ్మ లోపలినుంచి, మందుల మత్తులో ఉందండీ, అని సర్దేది. మత్తేం లేదు. గాలి నిజంగానే బాగుంది ఆ సాయంత్రం, వాన పడి వెలిసింది, మోచెయ్యి అంచు మీద ఆనించి వేళ్ళు చాపితే గాలి వేళ్ళ సందుల్లోంచి నీళ్ళలా పారుతోంది, ఎడమ పక్క రోడ్డులోంచి ఇనప పైపుల లారీ మలుపు తిరుగుతోంది. గాలి బాగుందన్నది అబద్ధమెలా అవుతుంది. లారీ తరవాత వచ్చింది, గాలి ముందు వచ్చింది.

లేని చెయ్యి ఊరుకోదు. ఇప్పుడు కూడా ఊరుకోవడం లేదు, జీను కింద ఎక్కడో మణికట్టు దగ్గర దురద, ఏ మణికట్టు అంటే ఏం చెప్పాలి. ఒకరోజు మామూలు చెయ్యంతే ఉంటుంది, ఒకరోజు భుజంలోంచి నేరుగా అరచెయ్యే మొలిచినట్టు పొట్టిగా ముడుచుకుంటుంది, వాన వచ్చే ముందు మాత్రం గది దాటి, వరండా దాటి, వీధి చివరి దీపస్తంభాన్ని తడుముతున్నట్టు సాగుతుంది. వేళ్ళు అయిదనిపించదు, ఎక్కువే అనిపిస్తుంది. మెదడు ఇంకా ఒప్పుకోలేదమ్మా, నెమ్మదిగా ఒప్పుకుంటుంది, అన్నాడు డాక్టరు. ఒప్పుకోకపోతే? ఆయన నవ్వి మందు మార్చాడు. ఆమె దాన్ని ఒప్పించడం మానేసి, అది చెప్పింది చెప్పినట్టు గీయడం మొదలుపెట్టింది, పొద్దున్నే లేవగానే గోడ మీద సుద్దముక్కతో, ఇవాళ ఇలా ఉంది, ఇవాళ ఇలా. అమ్మ రోజూ తడిగుడ్డతో తుడిచేది. తుడిచిన చోటే మళ్ళీ గీసేది. అందరూ ఆమెకు లేనిదాన్ని చూస్తున్నారు, ఆమెకు ఉన్నదాన్ని ఎవరూ చూడటం లేదు, కథంతా అంతే. ఆ ఉన్నదాన్ని బయటికి తియ్యాలి, అద్దంలో కనపడేలా, తగిలేలా, పక్కింటి పిల్లి పారిపోయేలా. అందుకే ఏడు, అందుకే పొడవు, అందుకే అది దేన్నీ పట్టుకోదు. తను ఊపిరి పీలిస్తే పైకి లేచి విచ్చుకోవాలి, వదిలితే దించుకోవాలి, అంతవరకే. పట్టుకోవడం మొదలుపెట్టిందా, ఇక అయిపోయింది, గ్లాసు పట్టుకోగలదా, పెన్ను పట్టుకోగలదా, కూరగాయల సంచి మొయ్యగలదా, అని ఉద్యోగంలో పెట్టుకునేదాకా పోతారు. చివర్లో ఒక్క తీగకైనా పట్టు పెడదాం, కంపెనీవాళ్ళు సంతోషిస్తారు, అని బావ ఎంత చెప్పినా వద్దంది. ఇంతకీ వాళ్ళకు మొండిచెయ్యే చూపిస్తానంటావా, అనేసి ఆయన నాలుక కరుచుకున్నాడు. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ అనరు, అనకుండా ఇన్నేళ్ళు నెట్టుకొచ్చారు. అచ్చుల దవడలన్నీ కూడా నోరు మూసుకున్నట్టయింది. ఉన్నది అదేగా బావా, అంది ఆమె. ఆయన ముఖం చూసి ఆమెకే నవ్వాగలేదు, తరవాత ఆయనకూ ఆగలేదు, నవ్వీ నవ్వీ కట్టుడు పళ్ళ వరస ఒకటి కిందపడి రెండయింది.

"పట్టీ అయింది. పౌడరు వెయ్యాలి, జీను కాస్త ఎత్తు," అంది అమ్మ.

పౌడరు వేయకపోతే తోలు ఒరుసుకుని చర్మం లేచిపోతుంది, ఇంట్లో అయితే తనే వేసుకునేది, ఈ సామానంతా తగిలించుకున్నాక తన చెయ్యి అక్కడికి అందదు. ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తల్లో అమ్మే నీళ్ళు పోసేది. పోస్తూ గోడ వైపు చూసేది, చెంబు సరిగ్గా వచ్చేది, చూపు మాత్రం గోడ మీద. ఆమె కూడా గోడ వైపే చూసేది, ఇద్దరూ కలిసి ఒకే గోడను చూసేవాళ్ళు. ఇప్పుడు గోడ లేదు, అద్దం ఉంది. కుడిచేత్తో జీను ఎత్తి పట్టుకుంది. అమ్మ అరచేతిలో పౌడరు ఒంపుకుని, రెండు చేతులూ రుద్దుకుని, భుజం చివర, కుట్లు మానిన చోట, అక్కడి ముడతల్లోకి వేళ్ళు పోనిచ్చి రాసింది. చిన్నపిల్ల మెడకు రాసినట్టు రాసింది. కళ్ళజోడులోంచి దగ్గరగా చూసింది.

"ఇక్కడ పుట్టుమచ్చ ఉండేది," అంది.

"ఇంకా కొంచెం పైన."

"ఆ, ఉంది. ఉందిలే." జీను దించి బకిల్ బిగించింది. "ఎక్కువైందా?"

"ఇంకొంచెం బిగించు."

తలుపు తట్టకుండానే మేనేజరు లోపలికొచ్చాడు, మెడలో కార్డు, చెవిలో వైరు, ముఖం మీద ముందుగానే సిద్ధం చేసుకున్న నవ్వు. హాలులోంచి చప్పట్లు ఆయన వెనకే వచ్చి తలుపు మూయగానే తెగిపోయాయి.

"ఏమనుకున్నారు మేడమ్?"

"ముందనుకున్నదే."

"చూడండి, నేనూ ఒకరికింద పనిచేసేవాణ్ణే. ఒక్క పువ్వు. ఎవరి సొమ్ము పోయింది?"

ఆమె జవాబు వెతుక్కుంటోంది, కోపం కాని జవాబు, బోధ కాని జవాబు. ఈలోగా అమ్మ లేచి వెళ్ళి గ్లాసులోంచి గులాబీ తీసింది. కళ్ళజోడు ముక్కు మీదికి జరుపుకుని, బట్ట నాణ్యం చూసినట్టు కాడ పొడుగునా బొటనవేలు నడిపించింది.

"దీనికి ముళ్ళున్నాయి బాబూ."

"తీయించామమ్మా. షాపువాడే గీకి ఇచ్చాడు."

"ఇదేంటి మరి?"

ఆకు కింద దాక్కున్న చిన్న ముల్లు. ఆయన వంగి చూశాడు.

"ఇది గుచ్చుకుంటే రబ్బరు గాలి పోతుంది. పోతే జవాబుదారీ ఎవరు, మీరా, మీ పైవాళ్ళా?"

"ఇంకోటి తెప్పిస్తాను. పోనీ ప్లాస్టిక్‌ది తెప్పిస్తాను, ముల్లూ ఉండదు ఏమీ ఉండదు."

"అంత పెద్దమనిషి చేతిలో ప్లాస్టిక్ పువ్వు పెడతారా? నామోషీ కాదూ?"

మేనేజరు అమ్మ వంక చూశాడు, ఆమె వంక చూశాడు, చెవిలో వైరు ఏదో అరుస్తోంది. సిద్ధం చేసుకున్న నవ్వు అప్పటికి చెరిగిపోయింది. "సరే మేడమ్. మీ అంశం తీసేస్తున్నాం. ఫ్యాషన్‌వాళ్ళతో ముగించేస్తాం. మీరు విప్పేసుకోండి."

విప్పేసుకోండి. ఎంత తేలిగ్గా అన్నాడు. ఎన్ని సాయంత్రాలు, ఎన్ని పొంగులు, కాలిపోయిన ఎన్ని సర్క్యూట్ బోర్డులు, ఒంటిచేత్తో కంప్యూటర్లో ఒక్కో అక్షరం కొట్టి ఊపిరికీ గాలికీ లంకె కుదిర్చిన ఎన్ని రాత్రులు, అవన్నీ ఇప్పుడు బకిల్ విప్పి సంచిలో కుక్కి బస్సెక్కాలి. బస్సులో పక్కవాళ్ళు అడుగుతారు ఏంటమ్మా అది, రెయిన్‌కోటా. ఏడుపు వస్తుందేమోనని ఒక క్షణం భయపడింది, రాలేదు, వచ్చింది ఒక ఆలోచన. చేసినదానికి ఒకరి పిలుపు కావాలని ఎందుకనుకుంది ఇన్నాళ్ళూ. స్విచ్చి వీపు మీద ఉంది, తన చెయ్యి అందదు.

"అమ్మా, వెయ్యి," అంది.

అమ్మ వేసింది. పంపు గురగురమంది. ఆమె ఊపిరి పీల్చింది, కావాలని నెమ్మదిగా, పొట్టలోకి, వీపులోకి, పట్టీ సాగింది, తీగలు ఒకదాని వెనక ఒకటి నిక్కపొడుచుకుని మోకాళ్ళ కిందినుంచి లేచాయి, లేచి వెనక్కి తిరిగి, విచ్చుకుని, అద్దం అంచును దాటి, దీపాన్ని కప్పి, గదిలో సగం వంగపండు రంగు అయింది. మేనేజరు తలుపుచెక్కకు అతుక్కుపోయాడు.

"అమ్మా, ముందు ఆ స్విచ్చి ఆఫ్ చెయ్యండి."

"నాకు మిషన్లు తెలియవు బాబూ," అంది అమ్మ, జీవితమంతా కుట్టుమిషను తొక్కిన మనిషి.

ఆయన పక్కకు తప్పుకున్నాడు, తప్పుకోక దారి లేదు. నడవా ఇరుకు, తీగలు రెండు గోడలకూ రాసుకుంటూ వస్తున్నాయి, ఎదురుగా కుర్చీలు మోసుకొస్తున్న మనిషి కుర్చీలతో సహా గోడకు అంటుకుపోయి, రండమ్మా రండి, అన్నాడు. స్టేజీ మొదట్లో కాపలా ఉన్న యువకుడు ఆపాలని చెయ్యి చాపాడు కానీ ఎక్కడ పట్టుకుని ఆపాలో తెలియలేదు. మనిషినైతే చెయ్యి పట్టుకుని ఆపుతారు. ఒక తీగ దిగుతూ దిగుతూ అతని మెడ వెనక మెత్తగా ఆని, ఆమె ఊపిరితో పాటు మళ్ళీ పైకి లేచిపోయింది, అతను చాపిన చెయ్యిని అలాగే చూసుకుంటూ ఉండిపోయాడు. తెర అంచు, దుమ్ము వాసన, దీపాల వేడి. స్టేజీ మీద ఎవరో మైకులో లోపమున్నా లోటులేని మనసుల గురించి చెబుతున్నాడు, అది చెబుతూ తలతిప్పి మధ్యలోనే ఆగిపోయాడు. ఆమె అతని ముందునుంచి నడిచింది. పీల్చు, వదులు, పీల్చు. హాలు చీకటిగా ఉంది, ముందు వరస మాత్రం కనిపిస్తోంది, మెత్తటి కుర్చీలు, నీళ్ళ సీసాలు, మధ్యలో ముఖ్య అతిథి. పిల్లలెవరో నవ్వారు, మంచి నవ్వు, ఎవరో ఉష్ అన్నారు. స్టేజీ మధ్యకు వచ్చేసరికి ఢామ్మని పేలింది. చివరి తీగ, గోడకు రాసుకున్నదే అయి ఉంటుంది, చిరిగి చప్పబడి వేలాడింది. ఎక్కడో వెనక వరసలో బావ జిగురు డబ్బా పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆమె గడ్డంతోనే కూర్చోమని సైగ చేసింది. ఇంకా ఆరున్నాయి. పేలింది కిందికి లాగి భుజం ఒక వైపుకు ఒరిగితే, ఒరిగినట్టే నడిచింది.

స్టేజీ అంచున మెట్ల దగ్గర ఆగింది. ముఖ్య అతిథి ముందుకు వంగి చూస్తున్నాడు, కళ్ళల్లో నీళ్ళు లేవు, కుతూహలం ఉంది, కొంచెం బెదురు కూడా. మైకు అక్కర్లేని గొంతు ఆయనది.

"బాగుందమ్మా. ఇది ఏం పని చేస్తుంది?"

"ఏ పనీ చెయ్యదండీ."

"మరి?"

"దీనికి చోటు కావాలి. మీరు కొంచెం జరగండి."

ఎవరూ కదల్లేదు. ఆమె ఊపిరి పీల్చింది, వీపు బిగిసేదాకా పీల్చింది, పట్టీ కిర్రుమంది, ఆరు తీగలూ వాళ్ళ తలల మీదికి వంగి విచ్చుకున్నాయి. మొదట చివరి కుర్చీ కదిలింది, తరవాత దాని పక్కది, తరవాత ముఖ్య అతిథే రెండు చేతులతో కుర్చీ పట్టుకుని లేచీ లేవకుండా వెనక్కి జరిగాడు, వరస మొత్తం నేలను గీరుకుంటూ జరిగింది. ఆమె ఒక మెట్టు దిగి, మిగిలిన మెట్లనూ ఖాళీ అయిన నేలనూ కంటితో కొలుచుకుంది. చాలదు.

"ఇంకొంచెం," అంది.